ఆలివ్ కోతకు వాలంటీర్లుగా వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? (వెస్ట్ బ్యాంక్)

హైఫా_హర్ష
అందరికీ నమస్తే. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పీహెచ్‌డీ చేస్తున్నా. మా ల్యాబ్‌లో ఒక మేడమ్ ఏటా అక్టోబర్‌లో యూదు వాలంటీర్లతో కలిసి వెస్ట్ బ్యాంక్‌లో నాబ్లస్ పక్క ఊళ్లకు వెళ్లి, పాలస్తీనా రైతులకు ఆలివ్ కోతలో సాయం చేసి వస్తారు. ఈసారి నన్నూ రమ్మన్నారు. పక్కపక్క ఊళ్లలో ఉంటూ ఒకరి గడప ఒకరు తొక్కని మనుషులు ఒకే చెట్టు కింద పని చేస్తారంటే నాకూ వెళ్లాలనే ఉంది. స్టూడెంట్ వీసాతో వెళ్తే ఇబ్బందా? ఎలాంటి బూట్లు వేసుకోవాలి? శాకాహారికి తిండి దొరుకుతుందా? పొలం పని ఎప్పుడూ చేయలేదు, వాళ్లకు అడ్డమవుతానా? అన్నిటికంటే ముఖ్యంగా, నిజంగా స్నేహం కుదురుతుందా, లేక ఫొటోల వరకేనా?

లండన్_లక్ష్మి
వెళ్లు హర్షా, ఆలోచించకు. నేను లండన్ నుంచి వెళ్లి రబ్బైస్ ఫర్ హ్యూమన్ రైట్స్ వాళ్ల బృందంతో పని చేశా. 1988 నుంచి ఉన్న సంస్థ, రబ్బీలే, అంటే యూదు మత గురువులే మొదలుపెట్టారు. మాతో పాటు బస్సులో వచ్చిన పెద్దాయన రిటైర్డ్ టీచర్. పొలం యజమాని ఒకప్పుడు ఇజ్రాయెల్‌లో తాపీ పని చేశాడట, హీబ్రూ గడగడా మాట్లాడతాడు. పొద్దున ఇద్దరి మధ్యా "షాలోమ్" తప్ప మాట లేదు. మధ్యాహ్నం మరమియా ఆకు వేసిన టీ వచ్చేసరికి మోకాళ్ల నొప్పుల గురించీ మనవళ్ల చదువుల గురించీ మాట్లాడుకుంటున్నారు. ఆ టీచర్ ఇప్పటికీ ఆ ఇంటికి ఫోన్ చేస్తారు, నాకు తెలుసు.
పని కష్టమేమీ కాదు. చెట్టు చుట్టూ పట్టాలు పరుస్తారు, కింది కొమ్మలు చేత్తో దూయాలి, పై కొమ్మల్ని కుర్రాళ్లు కర్రలతో కొడతారు.

గానుగ_నూనె
కర్రలతో కొట్టడమా? అక్కడే ఆగండి. మాది మూడు తరాల నూనె వ్యాపారం, ఇటలీ మిల్లుల్లో పని నేర్చుకున్నవాణ్ని, కాబట్టి చెప్తున్నా. ఆలివ్ కాపు నిరుడు పెరిగిన రెమ్మల మీదే వస్తుంది. కర్ర పడితే ఆ లేత రెమ్మలు విరుగుతాయి, వచ్చే ఏడు కాపు పోయినట్టే. అసలే ఒక ఏడు విరగకాసి మరో ఏడు వెలితిగా కాసే చెట్టు అది. పైగా నలిగిన కాయ సంచిలో పులుస్తుంది, నూనెలో ఆమ్లం పెరుగుతుంది. ఎక్స్‌ట్రా వర్జిన్ అనిపించుకోవాలంటే 0.8 శాతం దాటకూడదు. సాయానికి వెళ్లి చెట్టును పాడుచేసి రావడం ఏం స్నేహం?

లండన్_లక్ష్మి
గానుగ గారూ, తాతల నాటి చెట్లు అవి. వాటికి ఏం చేయాలో వాళ్లకు మీరు చెప్పాలా? కర్ర పట్టింది ఆ ఇంటి పిల్లలే, వాలంటీర్లు కాదు.

గానుగ_నూనె
తాతల నాటి చెట్టైతే దెబ్బ తగలదా అమ్మా? మీరు ఎంత నూనె తీశారో చెప్పండి, తర్వాత మాట్లాడుకుందాం.

నిజామాబాద్_మేస్త్రి
కర్ర సంగతి పక్కన పెట్టండి అన్నా. లక్ష్మక్క చెప్పిన ఆ తాపీ పని రైతు గురించి నేను మాట్లాడాలి. 2023 అక్టోబర్ తర్వాత వెస్ట్ బ్యాంక్ వాళ్లు ఇజ్రాయెల్‌లో పని చేసే పర్మిట్లు ఆపేశారు. ఆ ఖాళీల్లోకే మనోళ్లను తెచ్చారు. నేను 2024లో వచ్చా. నేను ఎక్కే పరంజా మీద అంతకుముందు అలాంటి రైతు కొడుకే ఎవరో ఎక్కి ఉంటాడు. ఇప్పుడు వాళ్ల ఇళ్లకు ఏడాదికి చేతికొచ్చేది ఈ నూనె డబ్బే. నేను శుక్రవారం వెళ్లి ఆ పొలంలో నిలబడితే వాళ్లు నన్ను ఏ కళ్లతో చూస్తారు? హర్షా, నువ్వు స్నేహం అంటున్నావు, నాకు ఈ మాటే నిద్ర పట్టనివ్వట్లేదు.

గోదారి_అక్క
మేస్త్రి తమ్ముడూ, నువ్వు ఎవరి పనీ లాక్కోలేదు. అప్పు తీర్చుకోవడానికి వచ్చావు, నేనూ అంతే. ఆ బరువు నెత్తిన పెట్టుకోకు.
కానీ నాదో మాట. నేను ఇక్కడ చూసుకునే ఇజ్రాయెలీ బామ్మ చెల్లెలి మనవడు 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో పోయాడు. ఆ ఇంట్లో ఇప్పటికీ ఆ గది తలుపు తీయరు. అలాంటి ఇళ్లవాళ్ల దగ్గరికి వెళ్లి "రండి, కాయలు కోద్దాం" అనడం ఎంత కష్టమో ఇక్కడ ఒక్కరూ రాయలేదు. అందరూ పొలం వైపు బాధే రాస్తున్నారు.

లండన్_లక్ష్మి
అక్కా, ఆ బాధ ఎవరూ కాదనరు. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న ఇజ్రాయెలీలు కూడా కోతకు వస్తున్నారు. నా పక్క చెట్టు దగ్గరే అలాంటి ఒకావిడ ఉన్నారు. ఎవరూ ఆవిణ్ని బలవంతంగా తేలేదు.

గోదారి_అక్క
వచ్చేవాళ్లు వస్తారు. రానివాళ్లను చెడ్డవాళ్లని మాత్రం అనకండి.

జగిత్యాల_అన్న
ఇక్కడ చాలా ఏళ్లుగా ఉన్నవాణ్ని, హర్షకు పనికొచ్చేది చెప్తా. ఇజ్రాయెల్, పాలస్తీనా వాళ్ల మధ్య 1995లో జరిగిన ఒప్పందం ప్రకారం వెస్ట్ బ్యాంక్ ఏ, బీ, సీ అని మూడు ముక్కలు. దాదాపు 60 శాతం సీ ఏరియానే, అక్కడ పెత్తనమంతా ఇజ్రాయెల్ సైన్యానిది. 'ఏ' ఏరియా పాలస్తీనా వాళ్ల చేతిలో ఉంటుంది, దాని ముందు ఎర్ర బోర్డు ఉంటుంది, ఇజ్రాయెలీలు లోపలికి వెళ్లకూడదు, బృందం కూడా ఆ ఊళ్లకు వెళ్లదు. సెటిల్‌మెంట్ల (వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెలీలు కట్టుకున్న ఊళ్ల) పక్క తోటలకు సైన్యం కొన్ని రోజులే కేటాయిస్తుంది. రైతుల్ని తోటలకు వెళ్లనివ్వాలి, వాళ్లకు రక్షణ కూడా ఇవ్వాలి అని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. అయినా పొద్దున్నే "క్లోజ్డ్ మిలిటరీ జోన్" అని కాగితం చూపించి పంపేసిన సందర్భాలు బోలెడు. 2025లో నాబ్లస్ పక్కన బురిన్ దగ్గర కోతకు వచ్చిన విదేశీయుల్ని 30 మందికి పైగా పట్టుకుని దేశం నుంచి పంపేయమన్నారు. నీ వీసా నీ చదువు, తమ్ముడూ. ముందు యూనివర్సిటీలో అడుగు.

భూచట్టం
అసలు విషయం ఎవరూ పట్టుకోలేదు. ఒకప్పుడు అక్కడ ఏలిన ఒట్టోమన్ తుర్కుల 1858 భూచట్టం ఇంకా అక్కడ నడుస్తోంది. మూడేళ్లు వరసగా సాగు చేయని భూమిని ప్రభుత్వం తనదనవచ్చు. ప్రైవేటు భూమిని లాక్కుని సెటిల్‌మెంట్ కట్టడం కుదరదని 1979లో ఎలోన్ మోరే కేసులో సుప్రీంకోర్టు చెప్పాక, ఈ దారినే చాలా భూమి పోయింది. కాబట్టి రైతు చెట్టు దగ్గరికి వెళ్లగలగడమే వాడి పట్టా. వాలంటీర్ పక్కన ఉంటే సెటిల్‌మెంట్ వాళ్లు దాడి చేసే అవకాశం తగ్గుతుంది, అదే వాళ్లకు కావాల్సింది. స్నేహం ఆ తర్వాతి మాట.

లండన్_లక్ష్మి
తర్వాతి మాట ఎందుకవుతుంది? ఏటా అదే ఇంటికి అదే మనుషులు వెళ్తున్నారు. ఊళ్లో గొడవైతే వాళ్లు మొదట ఫోన్ చేసేది ఆ యూదు స్నేహితులకే.

భూచట్టం
సాయంత్రం ఒకరు చెక్‌పోస్ట్ దాటి ఇంటికి వెళ్తారు, ఇంకొకరు వెళ్లలేరు. అది సరి కాకుండా స్నేహం అంటే నాకు మింగుడు పడదు.

లండన్_లక్ష్మి
అది సరయ్యేదాకా ఒకరి ముఖం ఒకరు చూసుకోకూడదా? ఇంట్లో కూర్చుని రాసేవాళ్లకు ఇవన్నీ సులువు.

భూచట్టం
నేనెక్కడ కూర్చున్నానో మీకేం తెలుసు? మనిషి మీదికి రాకండి.

మోడరేటర్
ఇద్దరూ తగ్గండి. విషయం మీద రాయండి, లేకపోతే చర్చకు తాళం వేస్తాను.

గానుగ_నూనె
విషయం మీదే రాస్తున్నా. మిల్లుకు ఎప్పుడు పంపారు? కోసిన మర్నాటికల్లా ఆడించకపోతే ఆ శ్రమంతా దండగ. హర్షా, ఇంకో మాట, చెట్టు మీద కాయ నోట్లో పెట్టుకోకు. ఓల్యూరోపీన్ అనే పదార్థం వల్ల భరించలేని చేదు.

నిజామాబాద్_మేస్త్రి
మరి మా సైట్ దగ్గర దుకాణంలో అమ్ముతారే, పుల్లగా కారంగా ఉంటాయి?

గానుగ_నూనె
అవి పచ్చికాయల్ని చితక్కొట్టి, నీళ్లు మార్చి మార్చి చేదు పోగొట్టి, ఉప్పునీళ్లలో నిమ్మముక్కలు, మిరపకాయలు వేసి ఊరబెట్టినవి. మన ఊరగాయ లెక్కే.

గోదారి_అక్క
బామ్మ కోసం నేనూ పెడతా. మా అమ్మకు ఒక సీసా పంపితే పెరుగన్నంలోకి బాగుందంది.

హైఫా_హర్ష
అందరికీ థాంక్స్. యూనివర్సిటీలో అడిగా, వెస్ట్ బ్యాంక్ వద్దనే అన్నారు. మేడమ్ మరో దారి చెప్పారు. గలిలీలో కఫర్ కన్నా దగ్గర సింద్యానా అని, యూదు, అరబ్ మహిళలు కలిసి 1996లో మొదలుపెట్టిన సంస్థ, ఆలివ్ నూనె అమ్ముతారు. కోతకు మనుషులు కావాలేమో కనుక్కుంటానన్నారు. అది ఇజ్రాయెల్ లోపలే, వీసా గొడవ లేదు. బూట్ల గురించి, తిండి గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

భూచట్టం
గలిలీ మంచిదే. కానీ ఆ మేడమ్ వెళ్లే నాబ్లస్ ఊరికి ఈసారి ఒక మనిషి తక్కువ.

జగిత్యాల_అన్న
పిల్లవాడి చదువు పోతే నువ్వు ఇప్పిస్తావా?

లండన్_లక్ష్మి
హర్షా, చీలమండ దాకా ఉండే పాత బూట్లు, టోపీ, రెండు లీటర్ల నీళ్లు. తిండికి దిగులు పడకు. నాకైతే రొట్టె, జాతర్ అనే ఆకుల పొడి, టమాటాలు, పెరుగు మీగడలాంటి లబనే పెట్టారు. మేస్త్రి తమ్ముడూ, నీ నిద్ర పట్టని మాట నాకు వేరుగా మెసేజ్ చెయ్యి, ఆ టీచర్ గారితో మాట్లాడిస్తా.

గానుగ_నూనె
కర్రల గురించి నా మాట మారదు. హర్షా, చేతి దువ్వెనలని ప్లాస్టిక్‌వి దొరుకుతాయి, కొమ్మకు దెబ్బ తగలకుండా కాయ దులుపుతాయి. ఓ నాలుగు కొనుక్కెళ్లు, పనయ్యాక అక్కడే ఇచ్చేసి రా. ఆ మేడమ్‌కు కూడా కొన్ని ఇవ్వు, నాబ్లస్ తీసుకెళ్తారు. డబ్బు నేను పంపుతా.