లో రిస్కు కాన్పులో నిర్ణయం ఎవరిది? మిడ్‌వైఫ్‌దా, డాక్టర్‌దా?

లేబర్‌రూమ్_సిస్టర్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నేను తెలంగాణలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో మిడ్‌వైఫ్‌ని, అంటే కాన్పుల కోసమే ప్రత్యేక శిక్షణ పొందిన నర్స్‌ని. పదేళ్లు స్టాఫ్ నర్స్‌గా చేశాక 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ తీసుకున్నాను. ఇక్కడ నర్సులు, డాక్టర్లు, తల్లులు అందరూ ఉన్నారు కాబట్టి సూటిగా అడుగుతున్నాను. బీపీ, షుగర్ లేవు, నెలలు నిండాయి, బిడ్డ తల కిందికే ఉంది. అలాంటి గర్భిణి నొప్పులతో వస్తే ఆ కాన్పు ఎలా నడవాలో చెప్పాల్సింది ఎవరు? మిడ్‌వైఫే అని నా అభిప్రాయం. తేడా కనిపించిన నిమిషం నుంచి డాక్టర్.

ఎందుకు అడుగుతున్నానంటే, పోయిన నెల నైట్ డ్యూటీలో ఒక తొలిచూలు అమ్మాయి వచ్చింది. రాత్రి పదకొండింటికి గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకుంది. వెల్లకిలా పడుకోబెట్టకుండా వరండాలో నడిపించాను, బాల్ మీద కూర్చోబెట్టాను, వాళ్లమ్మ చేత నడుము రుద్దించాను. అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు వింటూనే ఉన్నాను, 130, 140 మధ్య చక్కగా ఉంది. రెండింటికి 8 సెంటీమీటర్లు. కాన్పు ఎలా నడుస్తోందో గుర్తించే పార్టోగ్రాఫ్ చార్టులో హెచ్చరిక గీత ఎక్కడా దాటలేదు. అప్పుడు రౌండ్‌కి వచ్చిన డాక్టర్ మేడం షీట్ చూసి "ఇంకా ఎంతసేపు సిస్టర్? డ్రిప్ పెట్టండి" అన్నారు, అంటే నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ మందు. "మేడం, ప్రోగ్రెస్ బాగుంది, ఒక గంట చూద్దాం" అన్నాను. "చెప్పాను కదా" అన్నారు. పెట్టాను.

నొప్పులు ఒకదాని మీద ఒకటి వచ్చేశాయి. బిడ్డ గుండె చప్పుడు 90కి పడిపోయింది. డ్రిప్ ఆపి, ఎడమ పక్కకు తిప్పాక కోలుకుంది కానీ, అప్పటికే ఓటీ (ఆపరేషన్ థియేటర్) రెడీ చేయమన్నారు. పెద్దాపరేషన్ అయింది. తల్లీబిడ్డా క్షేమమే. పొద్దున రిజిస్టర్‌లో కారణం దగ్గర 'ఫీటల్ డిస్ట్రెస్' (కడుపులో బిడ్డకు ఇబ్బంది) అని ఉంది. డ్రిప్ ప్రస్తావనే లేదు. ఆ అమ్మాయి రెండో కాన్పు ఎలా జరుగుతుందో ఇక్కడ అందరికీ తెలుసు, చాలావరకు మళ్లీ ఆపరేషనే.

గైనిక్_పదిహేనేళ్లు

సిస్టర్ గారూ, డ్రిప్ విషయంలో మీ బాధ న్యాయమైనదే. నేనైతే పెట్టేదాన్ని కాదు. కానీ ఆ ఒక్క రాత్రిని చూపించి నిర్ణయం మొత్తం మిడ్‌వైఫ్‌కి ఇచ్చేయాలంటే ఒప్పుకోను.

'లో రిస్కు' అనేది కాన్పు అయిపోయాక వెనక్కి తిరిగి చూసుకుని అనాల్సిన మాట. ఏ ఇబ్బందీ లేని తల్లికి మాయ పడిన పది నిమిషాల్లో బొటబొటా రక్తం పోవడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. బిడ్డకేమైనా అయితే బంధువులు గొడవపడేది నాతో. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లేది నా పేరు మీద. బాధ్యత నాది, నిర్ణయం ఇంకొకరిది అంటే కుదరదు.

రెండు_కాన్పుల_తండ్రి

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, నాకు వైద్యం తెలియదు. మా రెండోసారి మేమే ఆపరేషన్ అడిగాం. అమావాస్య రాకముందే కావాలని మా అత్తగారు, నొప్పులు భరించలేనని మా ఆవిడ. డాక్టర్ గారు రెండు రోజులు ఆగమన్నారు, మేమే వినలేదు. తప్పంతా డాక్టర్లదే అన్నట్టు మాట్లాడితే సరికాదు. అయినా ఇన్ని ఆసుపత్రులు వచ్చాక మళ్లీ మంత్రసానుల కాలానికి పోవడం ఎందుకు?

లేబర్‌రూమ్_సిస్టర్

అన్నా, మీ నిజాయితీకి దండం. కానీ 'మంత్రసాని' అన్న ఒక్క మాట దగ్గర ఆగాలి. మంత్రసానమ్మలంటే నాకు గౌరవమే, మా నాయనమ్మకు పురుడు పోసింది వాళ్లే. నేను మాత్రం వేరు. నర్సింగ్ డిప్లొమా, రిజిస్ట్రేషన్, ఆ పైన ఏడాదిన్నర కాన్పుల మీదే శిక్షణ. ఓటీ పక్క గదిలోనే పనిచేస్తాను. పుట్టగానే ఏడవని బిడ్డకు బ్యాగ్, మాస్క్‌తో ఊపిరి అందించగలను. రక్తస్రావం మొదలైతే ఏ మందు ఎంత ఇవ్వాలో తెలుసు. నన్ను మంత్రసాని అంటే నాకు అవమానం ఏమీ లేదు, కానీ వినే గర్భిణి భయపడుతుంది.

లెక్కల_మాస్టారు

కొన్ని అంకెలు పెడుతున్నాను, అవి లేకుండా వాదన గాలిలో ఉంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21. దేశం మొత్తంలో సిజేరియన్లు 21.5 శాతం. తెలంగాణలో 60.7. ప్రైవేటులో 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే 44.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. జనాభా స్థాయిలో సిజేరియన్లు 10 శాతం దాటాక ఆ పెరుగుదల వల్ల తల్లీబిడ్డల మరణాలు తగ్గినట్టు కనబడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది.

"మన దగ్గర మాతృమరణాలు తగ్గాయి కదా" అనే వాదన వస్తుందని తెలుసు. నిజమే, 2018-20 లెక్క ప్రకారం ప్రాణాలతో పుట్టిన లక్ష మంది బిడ్డలకు దేశంలో 97 మంది తల్లులు పోతే తెలంగాణలో 43. దానికి సంతోషించాల్సిందే. కానీ కేరళలో 19. అక్కడ సిజేరియన్లు 38.9 శాతం. అంటే ఎక్కువ కోస్తేనే ఎక్కువ మంది బతుకుతారన్న లెక్క ఎక్కడా లేదు.

ఈ పరిస్థితి చూసే 2017లో రాష్ట్ర ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో మిడ్‌వైఫ్‌లు నడిపే కాన్పు విభాగాలు ఉండాలని స్పష్టంగా ఉంది. అవి ఎక్కడో దూరంగా కాదు, డాక్టర్లు, ఓటీ ఉన్న ఆసుపత్రిలోనే.

స్టాఫ్‌నర్స్_జీఎన్ఎం

మార్గదర్శకాలు బాగానే ఉన్నాయి సార్. మా దగ్గర ఏం జరిగిందో వినండి. మా బ్యాచ్‌మేట్ ఒకామె మిడ్‌వైఫరీ పూర్తిచేసి వచ్చింది. మూడు నెలలు లేబర్ రూమ్. తర్వాత సిబ్బంది చాలక ఆర్థో వార్డుకు వేశారు. ఏడాదిన్నర నేర్చుకున్న చేతులు ఇప్పుడు ప్లాస్టర్ కట్లు విప్పుతున్నాయి. అధికారం ఎవరిదన్న చర్చ తర్వాత చేద్దాం, ముందు మనిషిని ఆ గదిలో ఉంచండి.

ఒక రాత్రికి ఇద్దరు సిస్టర్లు, ఏడెనిమిది మంది నొప్పులతో. అరగంటకోసారి గుండె చప్పుడు వినాలంటే ఎలా? 2023లో కొత్త చట్టం వచ్చింది, దాని పేరులోనే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ అని ఉంది. పేరులో చోటు దొరికింది కానీ డ్యూటీ చార్టులో దొరకలేదు.

బర్మింగ్‌హామ్_అమ్మ

నేను గుంటూరు నుంచి వచ్చి ఇంగ్లండ్‌లో స్థిరపడ్డాను. ఇక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్ఎస్‌లో నా మొదటి కాన్పు. గర్భం మొత్తంలో చూసింది ఎక్కువగా మిడ్‌వైఫే, డాక్టర్ కనబడకపోతే మా అమ్మకు ఫోన్‌లో ఒకటే టెన్షన్. "డాక్టరే చూడకుండా ఏం ఆసుపత్రమ్మా అది?" అనేది.

కాన్పు రోజున బిడ్డ తల బయటికి వచ్చాక భుజం ఇరుక్కుంది. మిడ్‌వైఫ్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. గోడ మీద బటన్ నొక్కింది, నా రెండు కాళ్లు పొట్ట మీదికి మడిచి పట్టుకోమంది, టైమ్ ఎంతో గట్టిగా చెప్పింది. నిమిషంలోపు గది నిండిపోయింది. డాక్టర్, పిల్లల డాక్టర్, ఇంకో ఇద్దరు మిడ్‌వైఫ్‌లు. వచ్చిన డాక్టర్ ఆమెను పక్కకు తొయ్యలేదు. "ఏం చేశారు, ఎంతసేపైంది?" అని అడిగి పక్కన నిలబడింది. బిడ్డ మిడ్‌వైఫ్ చేతుల్లోకే వచ్చాడు. ఇప్పుడు వాడికి నాలుగేళ్లు. ఎవరిది పైచేయి అన్న ప్రశ్న ఆ గదిలో నాకు కనిపించలేదు.

గైనిక్_పదిహేనేళ్లు

అమ్మా, మీ బిడ్డ క్షేమంగా ఉన్నందుకు సంతోషం. కానీ అదే ఇంగ్లండ్‌లో రెండో వైపు కూడా చెప్పాలి. మోర్‌కాంబ్ బే ఆసుపత్రుల్లో కాన్పు మరణాల మీద 2015లో కర్కప్ విచారణ నివేదిక వచ్చింది. సరైన వైద్యం అంది ఉంటే బతికే అవకాశమున్న 11 మంది పసివాళ్లు, ఒక తల్లి చనిపోయారని అందులో ఉంది. ఏ కారణాలు రాశారో చూడండి. కొందరు మిడ్‌వైఫ్‌లు ఏది ఏమైనా నార్మలే కావాలని పట్టుబట్టడం, మిడ్‌వైఫ్‌లకూ డాక్టర్లకూ మధ్య మాటలు సరిగా లేకపోవడం. నా భయం అదే. "ఇది నా కేసు" అన్న పట్టుదలలో పిలవాల్సిన పిలుపు పావుగంట ఆలస్యమైతే?

ఇంకొకటి. మిడ్‌వైఫ్‌ల గొప్పతనానికి అందరూ 2016 నాటి కోక్రేన్ సమీక్ష, అంటే చాలా పరిశోధనల ఫలితాలను కలిపి చూసిన నివేదిక, చూపిస్తారు. 15 ట్రయల్స్, 17,674 మంది తల్లులు. మంచి ఫలితాలే, నెలలు నిండకుండా పుట్టడం కూడా తగ్గింది. కానీ అక్కడ గర్భం మొదటి నుంచి ఒకే మిడ్‌వైఫ్ లేదా ఒకే చిన్న బృందం చూస్తుంది. మన దగ్గర గర్భిణిని మిడ్‌వైఫ్ మొదటిసారి చూసేది నొప్పులతో గేటు దగ్గర ఆటో దిగినప్పుడు. ఆ ఫలితాలు ఇక్కడ వస్తాయని ఎలా అనుకోవాలి?

లెక్కల_మాస్టారు

డాక్టర్ గారి రెండో మాట సరైనదే, కాదనలేను. అయితే దానికి మందు మిడ్‌వైఫ్‌ని ఆపడం కాదు, ఓపీలో గర్భిణుల చెకప్‌లకు కూడా ఆమెను కూర్చోబెట్టడం.

లేబర్‌రూమ్_సిస్టర్

మేడం, మీరు చెప్పిన కర్కప్ సంగతి మా శిక్షణలో చదివాం. నాకు అందులో అర్థమైంది మీకు అర్థమైనదానికి దగ్గరగానే ఉంది. అక్కడ ప్రాణాలు పోయింది మిడ్‌వైఫ్‌కి అధికారం ఉన్నందుకు కాదు, రెండు వర్గాలు ఒకరినొకరు నమ్మనందుకు. నేను అడిగేది నమ్మకం. కానీ మౌఖికంగా ఉండే నమ్మకం డ్యూటీ మారగానే పోతుంది. అందుకే రాతలో అడుగుతున్నాను.

ఇంకో రాత్రి గురించి చెప్తాను. రెండో కాన్పు, చక్కగా అయింది, ఒక్క కుట్టు కూడా పడలేదు. మాయ పడ్డాక పొట్ట మీద చెయ్యి పెడితే గర్భసంచి మెత్తగా, నీళ్లతో నానిన పిండిలా ఉంది. రక్తం మంచం అంచు దాటి కింద పడుతోంది. ఒక చేత్తో మర్దన చేస్తూనే అరిచాను. జూనియర్ సిస్టర్ రెండో లైన్ పెట్టింది, గర్భసంచి గట్టిపడటానికి ఆక్సిటోసిన్ డ్రిప్, రక్తం ఆగడానికి ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము. వార్డు ఆయమ్మ నా చెవి దగ్గర ఫోన్ పట్టుకుంది. "కాన్పై ఎనిమిది నిమిషాలు, 700 మిల్లీలీటర్లు పోయింది, బీపీ 90/60, ఇవి ఇచ్చాను, మీరు రావాలి." అంతే చెప్పాను. మేడం చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి పరుగెత్తుకొచ్చారు. రక్తం ఆపడానికి గర్భసంచిలో బెలూన్ పెట్టారు. ల్యాబ్ అబ్బాయి రక్తం సంచి చొక్కాలో పెట్టుకుని వచ్చాడు, వెచ్చబడుతుందని. తెల్లారేసరికి ఆ తల్లి టీ అడిగింది.

ఆ మేడం ఎవరో కాదు, మొదట రాసిన రాత్రి డ్రిప్ పెట్టమన్న మేడమే. ఆమె చెయ్యి ఎంత మంచిదో నాకు తెలుసు. ఆమె లేకపోతే నేను కాన్పులు చేయలేను, చేయను. అందుకే చెబుతున్నాను. ఆ రాత్రి నేను పిలిచినప్పుడు ఒక్క ప్రశ్న వేయకుండా నా మాట నమ్మారు. "గంట ఆగుదాం" అన్న రాత్రి మాత్రం నమ్మలేదు. ప్రమాదం ఉందంటే నమ్మే నా కళ్లను, ప్రమాదం లేదంటే ఎందుకు నమ్మరు?

గైనిక్_పదిహేనేళ్లు

ఈ ప్రశ్న నన్ను ఎవరూ ఇలా అడగలేదు. వెంటనే జవాబు దొరకడం లేదు.

ఒకటి చెప్పగలను. నా మొదటి పోస్టులో బాధ్యత నాది కాబట్టి నిర్ణయం నాది అన్నాను. అంటే నిర్ణయం మీదైతే బాధ్యత కూడా మీ పేరున రాయాలి. కేస్ షీట్‌లో మీ సంతకం, రిజిస్టర్‌లో కాన్పు చేసినవారి దగ్గర మీ పేరు. దానికి సిద్ధమేనా? సిద్ధమైతే నా వైపు నుంచి అడ్డు లేదు. ఏ లక్షణం కనిపిస్తే పిలవాలో ముందే రాసి ఉండాలన్నది మాత్రం వదలను.

లేబర్‌రూమ్_సిస్టర్

మేడం, సిద్ధమే. నా పేరు రాయాలని నేనే ఎన్నోసార్లు అడిగాను.

మా లేబర్ రూమ్ గోడకు ఇప్పుడు ఒక కాగితం ఉంది. ఉమ్మనీరు పచ్చగా ఉంటే, బిడ్డ గుండె చప్పుడు 110 కింద గానీ 160 పైన గానీ నిలిస్తే, బీపీ 140/90 చేరితే, జ్వరం 38 డిగ్రీలు దాటితే, రక్తం ఎక్కువ పోతే వెంటనే పిలవాలి అని. నేను అడుగుతున్నది దాని కిందే ఇంకో వాక్యం: ఇవేవీ లేని కేసులో డ్రిప్ పెట్టాలంటే కారణం రాసి సంతకం చేయాలి. రాయాల్సి వస్తే మనిషి ఒక నిమిషం ఆగి ఆలోచిస్తుంది. ఆ నిమిషం ఆ తొలిచూలు అమ్మాయికి దొరకలేదు.

ఎనిమిదో_నెల

ఇదంతా చదివాను. నాకు ఎనిమిదో నెల, వరంగల్ దగ్గర ఉంటాం. మొదటి కాన్పు. ఆసుపత్రిలో ఏం అడగాలో ఒక్క ముక్కలో చెప్పండక్కా.

లేబర్‌రూమ్_సిస్టర్

తల్లీ, నొప్పుల సమయంలో నాతో మా వాళ్లు ఒకరు ఉండొచ్చా, నడవనిస్తారా అని అడుగు. మిడ్‌వైఫ్ ఉంటే వచ్చే చెకప్‌లోనే ఒకసారి కలిసి మాట్లాడు, ముఖం తెలిస్తే ఆ రాత్రి నీకు సగం భయం పోతుంది. డ్రిప్ పెడుతున్నా, కోత పెడుతున్నా ఎందుకో చెప్పమను, అడగడం నీ హక్కు. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే మాత్రం ఎవరినీ అడగకు, పొద్దున దాకా ఆగకు, ఏ టైమైనా సరే బయల్దేరిపో.