మృత్యునాట్యంలో అందరూ నిజంగా సమానమేనా?

గోడచిత్రం: మృత్యువు అస్థిపంజరంలా వచ్చి, పోప్ నుంచి రైతు దాకా అందరినీ చేయిపట్టి తీసుకుపోయే యూరప్ మృత్యునాట్య చిత్రాలను "అందరినీ సమానం చేసే మృత్యువు" అంటూ పొగడడం నాకు నచ్చదు. పారిస్ ఇన్నోసెంట్స్ శ్మశానం గోడ మీద 1424–25లో వేసిన వరుస చూడండి. ముందు పోప్, తర్వాత చక్రవర్తి, కార్డినల్, రాజు. రైతు ఎక్కడో చివర్లో. చావులోనూ ఎవరి హోదా ప్రకారం వాళ్లే నిలబడ్డారు. పైగా ఆ వరుసలో ఒక్క స్త్రీ లేదు. వాళ్ల కోసం 1486లో వేరే పుస్తకం అచ్చయింది. ఇదేం సమానత్వం?

అచ్చుపలక: వరుస సంగతి ఒప్పుకుంటానండీ. కానీ జర్మన్ చిత్రకారుడు హోల్బైన్ మృత్యునాట్యం బొమ్మల దగ్గరికొచ్చేసరికి ఆ వరుసే విమర్శగా మారింది. ఆయన 1520లలో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో గీశాడు, ల్యుట్జెల్‌బర్గర్ అచ్చు కోసం చెక్కపలకల మీద చెక్కాడు, 1538లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో 41 బొమ్మలతో అచ్చయింది. ఒక్కో బొమ్మ ఎత్తు ఆరున్నర సెంటీమీటర్లే. ప్రభువు బొమ్మలో మృత్యువు రైతు దుస్తుల్లో వచ్చి, ఆయన వంశచిహ్నమున్న డాలునే ఎత్తి ఆయన మీదికి విసరబోతుంది. జర్మన్ రైతుల తిరుగుబాటు 1524–25లో అని గుర్తుంచుకుని చూడండి. న్యాయమూర్తి దగ్గరికి సరిగ్గా లంచం తీసుకునే క్షణంలోనే వస్తుంది. అదే దుక్కిదున్నే ముసలివాడి పక్కనైతే గుర్రాలను అదిలిస్తూ పరుగెడుతుంది, పనిలో చేయి వేసినట్టే. ఎదురుగా చర్చి వెనక సూర్యుడు దిగిపోతున్నాడు. చావు అందరికీ ఒకటే, కానీ అది వచ్చే తీరు ఒకటి కాదు. ఈ తేడా చూడకుండా 'సమానత్వం' అనేస్తే హోల్బైన్ కోపం మనకు అందదు.

గోడచిత్రం: అయితే అది సమం చేయడం కాదు, తీర్పు చెప్పడం. నా మాటకే బలం!

పాతపూత: ఇద్దరికీ ఒక హెచ్చరిక. గోడచిత్రాల గురించి వాదించేముందు, చూస్తున్నది ఏ కాలపు పూతో తేల్చుకోండి. జర్మనీలోని ల్యూబెక్‌లో 1942 బాంబుదాడిలో కాలిపోయింది చిత్రకారుడు నోట్కే వేసిన 1463 నాటి అసలు మృత్యునాట్యం కాదు, 1701లో వేసిన నకలు. బాసెల్ గోడమీది మృత్యునాట్యాన్ని 1568లో చిత్రకారుడు క్లౌబర్ మళ్లీ చిత్రించాడు, 1805లో గోడే కూల్చేశారు. ఆ గోడను చూపిస్తూ మేరియన్ రాగిరేకుల మీద చెక్కి అచ్చువేసిన బొమ్మలు ఆ మళ్లీ చిత్రించిన రూపానివే. వాటిని చూపించి 15వ శతాబ్దం ఆలోచన ఇదీ అంటే చెల్లదు. ఎస్టోనియాలోని తాలిన్‌లో మిగిలిన ఏడున్నర మీటర్ల నోట్కే ముక్కలో ప్రసంగీకుడి తర్వాత పోప్, చక్రవర్తి, చక్రవర్తిని, కార్డినల్, రాజు మాత్రమే ఉన్నారు. అక్కడ రైతు ఎలా ఉండేవాడో ఆ ముక్కను బట్టి ఎవరూ చెప్పలేరు. ఈ వాదం తేలాలంటే అచ్చుబొమ్మల దగ్గరే తేలాలి.

అచ్చుపలక: అచ్చులోనూ ఒక చిక్కుంది. ఒక్క బొమ్మను విడదీసి చూస్తే మృత్యువు ఎవరితో కఠినంగా ఉందో, ఎవరితో మెత్తగా ఉందో తెలియదు. ప్రభువునూ రైతునూ పక్కపక్కన పెట్టి చూడండి.