‘చెవిలోని జోరీగ’ ఇదేనా?

పర్లాకిమిడి నుంచి:
పెరట్లో ఆవ మొక్కలు పూతకొచ్చాయి. వాటి మీద పసుపు, నలుపు పట్టీల సన్నటి ఈగలు. గాల్లో ఒక్కచోటే నిలబడి, చటుక్కున పక్కకి జరుగుతాయి. మా అత్తయ్య జోరీగలంటారు. ఒడియా బడికెళ్లే పిల్లలేమో ‘మహుమాఛి’ అంటున్నారు. వేమన ‘చెప్పులోని రాయి, చెవిలోని జోరీగ’ అన్నది వీటినేనా?

గుణుపురం నుంచి:
కాదండీ. జోరీగ పశువుల్ని కుట్టి నెత్తురు తాగేది. అది చెవి దగ్గర చేరితే ఎవరికి స్థిమితం ఉంటుంది? మీరు చూసింది హోవర్‌ఫ్లై, వ్యవసాయం వాళ్లు సిర్ఫిడ్ ఈగ అంటారు. కుట్టదు, కరవదు. పూల తేనె, పుప్పొడి దాని తిండి. మహుమాఛీ కాదు: తేనెటీగకి రెక్కలు నాలుగు, దీనికి రెండే. వెనక జత కురచై గుండుసూది తలల్లా మిగిలింది, ఎగిరేటప్పుడు తూకం నిలిపేవి అవే. పట్టీల వేషం పిట్టల్ని బెదరగొట్టడానికి. ఒక్కో పట్టీ పక్కన ఇంకో సన్నటి నల్లగీత కనబడితే అది ఎపిసిర్ఫస్ బాల్టియాటస్ కావచ్చు. 1776లో పెట్టిన పేరు, లాటిన్‌లో నడుంపట్టీ కట్టుకున్నదని.

బరంపురం నుంచి:
తెలుగు పేరు నేను పెడతా: ‘భ్రమణ మక్షికం’!

గుణుపురం నుంచి:
గురూ, భ్రమణమంటే తిరగడం. ఇది నిలబడేది!

రాయగడ నుంచి:
నిలబడ్డం సరే, రైతుకి పనికొచ్చేది దీని పిల్ల. మొక్కల రసం పీల్చే పేనుబంక పురుగుల గుంపుల దగ్గర తెల్లటి గుడ్లు పెడుతుంది. రెండు మూడు రోజుల్లో కాళ్లు లేని పురుగు వస్తుంది. తల అటూ ఇటూ ఆడిస్తూ తడుముకుని, దొరికిన పేనుని పైకెత్తి రసం పీల్చి తొక్క వదిలేస్తుంది. పెరిగేలోగా వందల్లో తింటుంది. మనవాళ్లు అది ఆకు తినే పురుగనుకుని మందు కొట్టేస్తారు, చూస్తే ఒళ్లు మండుతుంది. అందుకని ‘పేనుబంక ఈగ’ అందాం.

గుణుపురం నుంచి:
ఒప్పుకోను. ఆ పేరు వింటే పేనుబంకని తెచ్చేది ఇదే అనుకుంటారు, ఇంకాస్త మందు కొడతారు. పైగా ఈ కుటుంబంలో అన్నీ పేనుబంక తినవు. ఎరిస్టాలిస్ అనే రకం పిల్లలు మురుగునీళ్లలో కుళ్లు తింటూ, గొట్టంలాంటి తోక పైకి చాచి గాలి పీలుస్తాయి. ‘నిలువీగ’ అంటే రెండు రకాలకీ సరిపోతుంది.

పర్లాకిమిడి నుంచి:
నిలువీగ బాగుంది. ఆవ కాడల మీద పేనుబంక నిజంగానే ఉంది. రేపు మందు కొట్టే అబ్బాయిని రమ్మన్నాం, ఇప్పుడే వద్దని చెబుతున్నా.