ఆసుపత్రికో డిశ్చార్జి డయాగ్రమ్: అన్నీ ఒకటి చేయడం ఎలా?

ప్రశ్న: మాదాపూర్‌లో మాది చిన్న టీమ్. ఆసుపత్రులకు డిశ్చార్జి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం, కమూండా 7 (పని దశల డయాగ్రమ్‌ను నేరుగా నడిపే సాఫ్ట్‌వేర్) మీద. కొత్త క్లయింట్ వచ్చినప్పుడల్లా పాత బీపీఎంఎన్ ఫైల్ (పని దశలను గీసే డయాగ్రమ్) కాపీ చేసి మార్చుకుంటున్నాం. ఇప్పుడు వాడని మందుల రిటర్న్ లెక్క ఒకదాంట్లో సరిచేస్తే మిగతా అన్నిట్లోనూ విడివిడిగా సరిచేయాల్సి వస్తోంది. ఒకే డయాగ్రమ్‌లోకి తెద్దామంటే గేట్‌వేలతో (దారి చీలే చోట్లతో) నిండిపోయి ఎవరికీ అర్థం కావట్లేదు. దారి చెప్పండి.

జవాబు: మీ గేట్‌వేలలో రెండు రకాల తేడాలు కలిసిపోయి ఉంటాయండీ. ముందు వాటిని విడదీయండి. సొంత డబ్బా, క్యాష్‌లెస్ ఇన్సూరెన్సా, ఆరోగ్యశ్రీయా అన్నది రోగిని బట్టి మారుతుంది. అది గేట్‌వేగానే ఉండాలి. ఫైనల్ బిల్లుకు సూపరింటెండెంట్ అప్రూవల్ కావాలా అన్నది మాత్రం ఆసుపత్రిని బట్టి మారేది, ఇన్‌స్టాల్ చేసిన రోజే తేలిపోయేది. దాన్ని రోగి రోగికీ మళ్లీ అడుగుతుంటే చిక్కుముడి పడక తప్పదు.

ఈ రెండో రకంలో అంకెలు మాత్రమే మారితే (ఎంత డిస్కౌంట్‌కు ఎవరి అప్రూవల్ లాంటివి) డీఎంఎన్ టేబుల్‌లో (నిర్ణయ నియమాల పట్టికలో) పెట్టండి. పని దశలే మారితే ఆ భాగాన్ని కాల్ యాక్టివిటీ (విడిగా ఉన్న ప్రాసెస్‌ను పిలిచే దశ) చేసి, ఏ సబ్‌ప్రాసెస్‌ను పిలవాలో కాన్ఫిగరేషన్ నుంచి ఇవ్వండి. మొత్తం క్రమమే వేరైతే వేరే మోడల్‌గానే ఉంచండి, బలవంతంగా కలపొద్దు.

ఇలా ఆసుపత్రిని బట్టి మారే చోటును చూపించడానికి బీపీఎంఎన్‌లో ప్రత్యేక గుర్తు లేదు. పరిశోధకులు రోజ్‌మన్, వాన్ డర్ ఆల్స్ట్ 2007లో వివరించిన సీ-ఈపీసీ అనే డయాగ్రమ్ పద్ధతిలో ఉంది. మీరు ఆ చోట్లకు ఒక రంగు వేసి, ఎంపిక ఎవరిదో పక్కన నోట్ రాసుకున్నా చాలు.

ప్రశ్న: థాంక్సండీ. సబ్‌ప్రాసెస్ మారిస్తే, అప్పటికే సగం దారిలో ఉన్న రోగుల సంగతి?

మరొకరి జవాబు: అక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. మెయిన్ ప్రాసెస్ పాత వెర్షన్‌లోనే సాగుతుంది, కానీ కాల్ యాక్టివిటీ బైండింగ్ (ఏ వెర్షన్‌ను పిలవాలో చెప్పే సెట్టింగ్) డిఫాల్ట్‌గా ‘లేటెస్ట్’. క్యాష్‌లెస్ అప్రూవల్ కోసం సాయంత్రం నుంచి ఎదురుచూస్తున్న రోగి బిల్లు దశకు వచ్చేసరికి, రాత్రి పెట్టిన కొత్త సబ్‌ప్రాసెస్‌లోకి వెళ్తారు. అది అడిగే కొత్త వేరియబుల్ పాత ప్రాసెస్‌లో ఉండదు, ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. ఇంటికెళ్లాల్సిన మనిషి మంచం మీదే, ఇంట్లోవాళ్లు కౌంటర్ దగ్గరే.

బైండింగ్ ‘డిప్లాయ్‌మెంట్’ (తనతో కలిపి ఎక్కించిన వెర్షన్‌నే పిలవడం) అని పెట్టండి, డీఎంఎన్‌ను పిలిచే టాస్క్‌కు కూడా. ఫైళ్లన్నీ ఒకేసారి డిప్లాయ్ చేయండి. మారిన ఫైళ్లను మాత్రమే పంపే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఆపేయండి, లేకపోతే మారని సబ్‌ప్రాసెస్ ఆ డిప్లాయ్‌మెంట్‌లో దొరకదు.