చెన్నైలో ఎంఏ: రీసెర్చ్ మెథడ్స్ దగ్గర ఆగిపోయాను, ఎవరైనా దారి చెప్పరూ

కాకినాడ కొత్తమ్మాయి:

అందరికీ నమస్కారం. జూలైలో చెన్నై వచ్చాను. కమ్యూనికేషన్‌లో ఎంఏ మొదటి సంవత్సరం. హాస్టల్ సాంబారు, ఉక్కపోత, బస్సు నుదుటి మీద తమిళ అక్షరాలు, ఇవన్నీ మెల్లగా అలవాటవుతున్నాయి. రీసెర్చ్ మెథడ్స్ పేపరు మాత్రం కొరుకుడు పడటం లేదు. నాది డిగ్రీ దాకా తెలుగు మీడియం. మేడం ఇంగ్లీషులో మొదలుపెట్టి, ఉదాహరణ దగ్గరకు వచ్చేసరికి తమిళంలోకి వెళ్ళిపోతారు. క్లాసంతా నవ్వుతుంది, నేనూ నవ్వుతాను, ఎందుకో తెలియకుండానే. వేరియబుల్, వాలిడిటీ, రిలయబిలిటీ, ఆపరేషనల్ డెఫినిషన్ అన్నీ బట్టీ పట్టాను. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తాను, అర్థం మాత్రం అడగొద్దు.

మూడు వారాల్లో సినాప్సిస్ ఇవ్వాలి. నేను అనుకున్న టాపిక్ ‘యువతపై సోషల్ మీడియా ప్రభావం’. గూగుల్ ఫారం చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెడదామని ఉంది. సీనియర్ ఒకతను 384 మంది ఉండాల్సిందే అన్నాడు. 384 ఎందుకు అంటే ‘అదంతే’ అన్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. ఈ ఊళ్ళో ఇలాంటివి చదివిన పెద్దవాళ్ళు ఉంటే చెప్పండి.

వడపళని బ్రహ్మచారి:

చెల్లెమ్మా, రీసెర్చ్ సంగతి నాకు తెలీదు గానీ చదువుకునే చోటు చెప్తాను. ఎగ్మోరులో మ్యూజియం ఆవరణలోనే కన్నెమరా లైబ్రరీ ఉంది, 1896 నాటిది. దేశంలో అచ్చయ్యే పుస్తకాలు, పత్రికలు వచ్చి చేరాల్సిన నాలుగు లైబ్రరీల్లో అదొకటి, తెలుగువి కూడా. ఏసీలో కూర్చోవాలంటే కోట్టూర్పురంలో అన్నా శతజయంతి లైబ్రరీ. 2021 నుంచి ఆడవాళ్ళకు ఇక్కడి మామూలు సిటీ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి తిరగడానికి ఖర్చు కూడా ఉండదు. మాకే లేదు ఆ అదృష్టం.

కోడంబాక్కం అక్క:

చెల్లీ, నేనూ నీలాగే వచ్చి ఇక్కడే ఎంఏ చేశాను. ఇప్పుడు మార్కెట్ రీసెర్చ్‌లో ఉన్నాను, అంటే జనాన్ని ప్రశ్నలడిగి జీతం తీసుకుంటున్నాను. ముందు ఒక మాట, ఆ టాపిక్ వదిలెయ్. మీ క్లాసులో సగం మంది అదే ఇస్తారు. మా బ్యాచ్‌లోనూ ఇచ్చారు, అప్పుడు ఆర్కుట్. యువత అంటే ఎవరు, పదహారేళ్ళ పిల్లాడా, ముప్ఫై ఏళ్ళ పెళ్ళయినవాడా? సోషల్ మీడియా అంటే మీ అమ్మ వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ కూడానా? ప్రభావం అంటే నిద్ర తగ్గడమా, మార్కులు తగ్గడమా, ఓటు మారడమా? ఒక్క మాటా చేతికి చిక్కదు.

నువ్వు బట్టీ పట్టిన ఆపరేషనల్ డెఫినిషన్ అవసరం ఇక్కడే వస్తుంది. మన ఊసే తీసుకో. 2011 జనగణనలో తమిళనాడులో తెలుగు మాతృభాషగా లెక్కకు వచ్చినవాళ్ళు దాదాపు 42 లక్షలు. మన సభల్లో మైకు ముందు వినపడే అంకె దానికి ఎన్నో రెట్లు. ఎవరూ అబద్ధమాడుతున్నారని కాదు. జనగణనవాళ్ళ దృష్టిలో మాతృభాష అంటే చిన్నప్పుడు తల్లి మనతో మాట్లాడిన భాష. సభలో మాట్లాడే ఆయన దృష్టిలో అది ముత్తాత ఏ ఊరి నుంచి వచ్చాడన్న సంగతి. తమిళంలో పెరిగిన నాయుడుగారి మనవరాలు ఆయన లెక్కలో తెలుగమ్మాయి, జనగణన లెక్కలో తమిళమ్మాయి. కొలిచే ముందు ‘ఈ పేపర్లో ఈ మాటకు అర్థం ఇది’ అని రాసుకుంటే అదే ఆపరేషనల్ డెఫినిషన్. నీ సీనియర్ అది చెప్పకుండా 384 చెప్పాడు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండింది.

ఇప్పుడు నా నిర్వాకం విను. నా డిజర్టేషన్ ఇక్కడి తెలుగు ఇళ్ళలో తెలుగు వార్తలు ఎవరు చూస్తారు అని. ప్రశ్నావళి శ్రద్ధగా పేపరు తెలుగులో రాసుకున్నాను. మొదటి ప్రశ్న ‘మీరు తెలుగు వార్తా మాధ్యమాలను ఎంత తరచుగా వీక్షిస్తారు?’. కింద ఐదు గళ్ళు, ఎప్పుడూ చూడను నుంచి రోజూ చూస్తాను దాకా. పెరంబూరులో మొదటి ఇల్లు. తలుపు తీసిన పెద్దావిడ నా తెలుగు వినేసరికి మురిసిపోయి లోపల కూర్చోబెట్టింది. కాగితం చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, ‘మాట్లాడేది వస్తుంది, చదివేది రాదమ్మా’ అని తిరిగిచ్చింది. సరే, నేనే చదివాను. ‘వీక్షిస్తారు’ దగ్గర నా మొహంలోకి చూసింది. చూస్తారా అన్నాను. ‘ఆఁ, రోజూ చూస్తాంలే’ అంది. ఐదో గడిలో టిక్కు పెట్టాను. ఆవిడ వెనక టీవీలో తమిళ సీరియల్ నడుస్తోంది.

ఎందుకో మనసొప్పక, కాగితంలో లేని ప్రశ్న ఒకటి అడిగాను. ‘నిన్న పొద్దున లేచినప్పటి నుంచి టీవీలో ఏమేం చూశారు?’ వేళ్ళ మీద లెక్కపెడుతూ చెప్పింది. పొద్దున కాసేపు తిరుపతి నుంచి వచ్చే భక్తి ఛానల్. మధ్యాహ్నం సీరియల్, సాయంత్రం సీరియల్, రాత్రి కొడుకు వచ్చాక న్యూస్, అన్నీ తమిళమే. తెలుగు వార్తలు నిన్నా లేవు, మొన్నా లేవు. ఆవిడ నన్ను మోసం చెయ్యలేదు. మన పిల్ల ఎండలో పడి తెలుగు గురించి అడుగుతూ వచ్చింది, లేదంటే చిన్నబుచ్చుకుంటుందేమో అనుకుంది. మీ నోట్సులో సోషల్ డిజైరబిలిటీ బయాస్ అని ఉంటుంది కదా, అది ఇదే, మజ్జిగ గ్లాసుతో సహా. ఆ రాత్రి ‘ఎంత తరచుగా’ కొట్టేసి ‘నిన్న’ పెట్టుకున్నాను. ‘మాధ్యమం’, ‘వీక్షణం’ అన్నీ ఎగిరిపోయి న్యూస్, టీవీ, ఫోను మిగిలాయి. అసలు సర్వేకి ముందు కొద్దిమందితో చేసి చూసే పైలట్ అంటే గైడ్ సంతకం కోసం చేసే లాంఛనం అనుకునేదాన్ని అప్పటిదాకా.

అక్కడితో తెలివి వచ్చేసిందనుకోకు. ఆవిడ పక్కింటికి పంపింది, పక్కింటివాళ్ళు వాళ్ళ వియ్యంకుల ఇంటికి పంపారు. హాయిగా నలభై ఇళ్ళు తిరిగాను. దీన్ని స్నోబాల్ శాంపిల్ అంటారని రిపోర్టులో గొప్పగా రాశాను. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒక్కటే అడిగారు, ‘ఈ ఊళ్ళో తరతరాలుగా తెలుగు మాట్లాడే పారిశుద్ధ్య కార్మికుల కుటుంబాలున్నాయి, మీ నలభైలో ఎన్ని?’ ఒక్కటీ లేదు. నా నలభై ఇళ్ళలో ముప్ఫై పైన ఒకే కులం, దాదాపు అన్నీ సొంత ఇళ్ళు. అలాంటి మంచుముద్ద ఎంత దొర్లినా ఒకే వాలులో దొర్లుతుంది. మొదటి ఇల్లు ఒకటి కాకుండా, వేరువేరు పేటల్లో నాలుగైదు ఇళ్ళతో మొదలుపెట్టి ఉంటే కొంత నయం. రిపోర్టులో ‘చెన్నై తెలుగువారు’ అనకుండా ‘నేను కలిసిన నలభై ఇళ్ళు’ అని రాసి ఉన్నా పరువు దక్కేది.

ఇంకొకటి. ఇక్కడ ఇంట్లో ఏ భాష అని అడిగితే కొందరికి కులం అడిగినట్టే వినపడుతుంది. ఆ ప్రశ్న చివర్లో పెట్టు. చెప్పకపోయినా పర్లేదని ముందే అను, పేర్లు రాసుకోకు.

లెక్కల మాస్టారు, అన్నానగర్:

కోడంబాక్కం అక్కగారి మాటలన్నీ ఒప్పుకుంటాను గానీ, 384 మీద అంత కోపం వద్దు. దానికీ ఒక లెక్క ఉందమ్మా. 95 శాతం నమ్మకం, అటూ ఇటూ 5 శాతం తేడా, జనం సగం సగంగా విడిపోయి ఉన్నారనే ఊహ. 95 శాతం నమ్మకానికి వాడే అంకె 1.96. దాన్ని 1.96తో గుణించి, సగం సగం అన్నాం కాబట్టి 0.5 వర్గం 0.25తో గుణించి, 0.05 వర్గంతో భాగించు. 384.16 వస్తుంది. అంతే. కానీ ఆ సూత్రం పనిచెయ్యాలంటే లెక్కలో ఉన్న ప్రతి మనిషికీ నీ శాంపిల్‌లోకి వచ్చే అవకాశం సమానంగా ఉండాలి. వాట్సాప్ గ్రూపులో పడేసిన ఫారానికి నీ స్నేహితులు, వాళ్ళ స్నేహితులు జవాబిస్తారు. వాళ్ళు 384 అయినా 3,840 అయినా ఆ 5 శాతం మాట ఎత్తకూడదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి దాకా బ్యాలెట్ కార్డులు పోస్టులో పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. లాండన్ గెలుస్తాడని వేసింది, రూజ్వెల్ట్ ఊడ్చేశాడు. అదే ఎన్నికలో సర్వేలు చేసే గ్యాలప్ అనే ఆయన చాలా తక్కువ మందిని అడిగి గెలుపెవరిదో సరిగ్గా చెప్పాడు.

పెద్ద అంకెలకు భయపడకు. మీ సిలబస్‌లో అజెండా సెట్టింగ్ ఉంటుంది కదా, మీడియా దేనికి పెద్దపీట వేస్తే జనం దాన్నే ముఖ్యమనుకుంటారనే సిద్ధాంతం. మెకూంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు 1968 అమెరికా ఎన్నికల్లో చాపెల్ హిల్ అనే చిన్న ఊళ్ళో 100 మందితో చేసిన పని అది, 1972లో అచ్చయింది. ఎటు ఓటెయ్యాలో ఇంకా తేల్చుకోనివాళ్ళనే ఎంచుకున్నారు. పేపర్లు, టీవీ ఏ విషయాలకు పెద్దపీట వేశాయో ఒకవైపు లెక్కగట్టారు, జనం ఏవి ముఖ్యమన్నారో ఇంకోవైపు అడిగారు, రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. ప్రశ్న అంత శుభ్రంగా ఉంటే వంద చాలు.

ఇళ్ళు తిరగడం ఇబ్బందైతే కంటెంట్ అనాలిసిస్ చెయ్యి, అంటే అచ్చయిన వార్తల్ని రకాలుగా విడదీసి లెక్కపెట్టడం. మీ క్లాసులో తెలుగు చదవగలిగేది నువ్వొక్కదానివేమో, అది నీ ఆస్తి. ఇక్కడ దొరికే తెలుగు దినపత్రికలో తమిళనాడు వార్తలు ఎన్ని, ఏ రకంవి అని చూడు. వరసగా ఏడు రోజులు తీసుకోకు, ఆ వారం తుపానొస్తే పేపరంతా వానే. ఒక వారంలో సోమవారం, ఇంకో వారంలో మంగళవారం, ఇలా ఏరి వారం కట్టు. ఏ వార్త ఏ రకం కిందికి వస్తుందో చెప్పే కోడింగ్ షీటు రాశాక నీ రూమ్మేట్‌కి, తెలుగు వచ్చినవాళ్ళెవరికైనా, అదే వార్తలిచ్చి విడిగా కోడ్ చెయ్యమను. ఎమ్మెల్యే అనుచరుణ్ణి పోలీసులు పట్టుకున్న వార్త రాజకీయమా, నేరమా? అక్కడ ఇద్దరూ తప్పకుండా తగువు పడతారు. పడాలి కూడా, అప్పుడే రూలు పుడుతుంది.

వందలో ఎనభై కలిశాయి కదా అని సంబరపడకు. ఇద్దరూ వందకు డెబ్భై వార్తల్ని రాజకీయం, మిగతా ముప్ఫైని నేరం అనే అలవాటున్నవాళ్ళయితే, కళ్ళు మూసుకుని రాసినా 58 కలుస్తాయి (రాజకీయంలో 49, నేరంలో 9). మిగిలిన 42లో నిజంగా కలిసింది 22. అంటే 0.52. దాన్నే కోహెన్ కప్పా అంటారు. 80 శాతం అని రాస్తే గొప్పగా ఉంటుంది, 0.52 చూస్తే షీటు మళ్ళీ రాయబుద్ధవుతుంది. లెక్కకు ఎస్పీఎస్ఎస్ సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, అలాంటిదే జమోవి ఉచితం.

కోడంబాక్కం అక్క:

మాస్టారూ, 384 మీద కాదండీ, ‘అదంతే’ మీద కోపం. చెల్లీ, లిటరేచర్ రివ్యూలో అమెరికావాళ్ళతోనే నింపెయ్యకు. 1975-76లో సైట్ ప్రయోగం జరిగింది, ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. టీవీ వచ్చాక ఊళ్ళో ఏం మారుతుందో చూడటానికి పరిశోధకులు కొన్ని పల్లెల్లో కాపురం పెట్టారు. అది చదివితే సర్వేకీ, ఊళ్ళో ఉండి చూడటానికీ తేడా ఒక్క పూటలో తెలుస్తుంది.

కాకినాడ కొత్తమ్మాయి:

అక్కా, మాస్టారూ, రాత్రి రెండుసార్లు చదివాను. గూగుల్ ఫారం తీసేశాను. కొత్త ప్రశ్న ఇలా రాసుకున్నాను: ‘పెరంబూరు చుట్టుపక్కల, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు లిపి చదవలేనివాళ్ళు, ఆంధ్ర, తెలంగాణ వార్తలు నిన్న ఎక్కడి నుంచి తెలుసుకున్నారు?’ ముప్ఫై మందితో మాట్లాడి రికార్డ్ చేద్దామని. మేడం విని మొదటిసారి నాతో తెలుగులో ఒక మాటన్నారు, ‘బాగుంది’ అని. ఆవిడ వాళ్ళమ్మమ్మది చిత్తూరట! ఇన్నాళ్ళూ చెప్పలేదు.

కోడంబాక్కం అక్క:

బాగానే ఉంది, ఒక్క మెలిక. ‘ఎక్కడి నుంచి తెలుసుకున్నారు’ అంటే తెలుసుకున్నారనే నువ్వు తీర్మానించేశావు. ఏదో ఒకటి చెప్పాలి కదా అని చెప్తారు. ‘నిన్న అటువైపు సంగతులు ఏమైనా తెలిశాయా?’ ముందు అడుగు. లేదంటే ఆపెయ్, అదీ జవాబే. రికార్డింగ్‌కి ముందు అడిగి ఒప్పించుకో, ఫోను బల్ల మీద కనపడేట్టు పెట్టు.

పెరంబూరు పిన్ని:

ఇన్ని రోజులుగా మా పేట గురించి మాట్లాడుకుంటున్నారు, మమ్మల్ని ఒక్కళ్ళూ అడగలేదు! నేను నెల్లూరు నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చినదాన్ని, నాకు చదవడం వచ్చు, కాబట్టి నీ లెక్కలోకి రాను. మా అత్తగారు వస్తారు. ఇక్కడే పుట్టారు, ఎనభై దాటాయి, తెలుగు తప్ప ఇంకోటి మాట్లాడరు, అక్షరం రాదు. మా వీధి చివర ఇంకో వైపు వాళ్ళ ఇళ్ళకు కూడా నేను తీసుకెళ్తాను, నా దగ్గర పాలు పోయించుకునేవాళ్ళే, కోడంబాక్కం అక్క చెప్పినట్టు ఒకే వాలు కాకుండా ఉంటుంది. ఆదివారం నాలుగు దాటాక రా, మూడింటికి వస్తే అందరూ నిద్రలో ఉంటారు. అత్తగారికి చెవులు సరిగా వినపడవు. నిన్న ఏం విన్నారు అంటే ఇందిరాగాంధీ దగ్గర్నుంచి మొదలుపెడతారు, ఫోనులో చార్జింగ్ నిండా పెట్టుకుని రా.