అక్క పేరున కళల సాయంత్రం: ఎవరు ఏ పని చూస్తున్నారో ఇక్కడ రాయండి

తమ్ముడు (కార్యక్రమం బాధ్యత):
అందరికీ నమస్కారం. హాలు ఖాయమైంది. సర్దడానికి, ఊడ్చి తాళాలు అప్పగించడానికి కూడా అద్దె సమయంలోనే చూసుకోవాలి, అందుకే ముందే ఒక మాట. ప్రసంగాలు వద్దు. ముఖ్య అతిథి, శాలువాలు అసలే వద్దు. అక్క గురించి చెప్పాలనుకున్నది కాగితం మీద రాసి తెస్తే బయట బోర్డుకి పెడదాం. ప్రసంగాలు సాగదీసి పిల్లల డాన్సులు కోసేస్తే అక్క ఎంత గొడవ పెట్టుకునేదో మీలో సగం మందికి గుర్తుండే ఉంటుంది. మిగతా సగం ఆ ప్రసంగాలు చేసినవాళ్ళే.

మొదట వీణ, తర్వాత చిన్నపిల్లల తరంగం, చివర కూచిపూడి భామాకలాపంలో ప్రవేశ దరువు, అంటే సత్యభామ వేదిక మీదికి వచ్చే పాట. పాట, నట్టువాంగం (తాళాలు వాయిస్తూ జతులు చెప్పడం), మృదంగం, వయొలిన్ అన్నీ లైవ్.

కార్యదర్శి:
లైవ్ అంటే ఖర్చు, సౌండ్ టెన్షన్ రెండూ ఉంటాయి కదా తమ్ముడూ. రికార్డింగ్ పెట్టేస్తే సులువుగా అయిపోతుంది.

తమ్ముడు:
వేరే కార్యక్రమమైతే ఒప్పుకునేవాణ్ణి అన్నయ్యా. కూచిపూడిలో సత్యభామ ఆడటమే కాదు, మాట్లాడుతుంది. చెలికత్తె మాధవితో సంభాషణ నడిచేటప్పుడు జనం నవ్వితే కాసేపు ఆగాలి. రికార్డింగ్ ఆగదు. నట్టువాంగం పట్టిన మనిషి ఎదురుగా ఉంటే ఆడేవాళ్ళను చూసి నడుపుతారు. అక్క డాన్స్ క్లాసులో పాటల పెట్టె ముట్టుకోనిచ్చేది కాదు, కర్రతో తాళం వేసి నోటితో జతులు చెప్పేది. ఖర్చు సంగతి నేను, బావ చూసుకుంటాం.

సౌండ్ టీమ్:
మృదంగానికి రెండు మైకులు, రెండు వైపులా. వీణకి కాంటాక్ట్ మైక్ (వాయిద్యానికే అతికించేది) ఉంటే మంచిది, లేకపోతే మామూలు మైక్ దగ్గరగా పెడదాం. సత్యభామకి హెడ్‌సెట్ పెడితే బుట్టలూ మాటీలూ తగిలి గరగరమంటుంది. వేషం పూర్తిగా కట్టాకే మైక్ అతికించి, ఒకసారి తల ఊపించి చూడాలి. వీణ మెట్లు మైనంలో దిగేసి ఉంటాయి కాబట్టి దాన్ని వేడెక్కిన కారులో ఉంచొద్దు. హీటర్ గాలికి మృదంగం శ్రుతి కూడా మారుతుంది, కళాకారులు ముందే లోపలికి రావాలి.

చిన్నపిల్లల క్లాస్ తల్లుల తరఫున:
తరంగంలో పిల్లలు ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి ఆడతారు. వేదిక నేల కాంక్రీటా, చెక్కా? మొన్న చూసినప్పుడు పైన మెత్తటి కార్పెట్ ఉంది. దాని మీద పళ్ళెం జరగదు.

తమ్ముడు:
కింద చెక్కే వదినా. కార్పెట్ చుట్టేయడానికి హాలు వాళ్ళు ఒప్పుకున్నారు. బలంగా ఉన్న నలుగురు కావాలి, తిరిగి పరచడానికి కూడా.

ఒక తల్లి:
ఒక సందేహం. సత్యభామ వేషం మా పెద్దవాడికి ఇచ్చారని తెలిసింది. వాడికి ఇష్టమే. బడిలో పిల్లలు ఏమంటారోనని నాకే బెంగగా ఉంది.

తమ్ముడు:
ఈ పాత్ర వాడికి నేర్పడం మొదలుపెట్టింది అక్కే. అందుకే ఇంకెవరికీ ఇవ్వాలనిపించలేదు. కూచిపూడి ఊళ్ళో తరతరాలుగా ఆడవేషాలు కట్టింది మగవాళ్ళే, ఆడపిల్లలు నేర్చుకోవడం తర్వాత వచ్చింది. సత్యభామ అంటే ఇప్పటికీ పెద్దలు తలచుకునేది వేదాంతం సత్యనారాయణ శర్మగారినే. మనవాడిని ఎవరో ఆటపట్టించినప్పుడు అక్క ఆయన ఫొటో చూపించి, ‘ఈవిడెవరో చెప్పు’ అని అడిగింది. వాళ్ళు ఎవరో హీరోయిన్ అనుకున్నారు. అయినా తల్లిగా మీ మాటే చివరిది. వాడితో మాట్లాడి చెప్పండి, అంతవరకు పేరు ఎక్కడా వేయం.

అదే తల్లి:
మాట్లాడాను. జడ ఎంత బరువుంటుందని మాత్రమే అడిగాడు. పేరు వేసేయండి.

తమ్ముడు:
సంతోషం. జడ అక్కదే వాడదాం, కుప్పెలు ఒకటి రెండు ఊడాయి, కుట్టగలిగినవాళ్ళు చెప్పండి.

ఇక తెర. ప్రవేశ దరువులో ఇద్దరు తెర పట్టుకుంటే, వెనక నుంచి సత్యభామ ముందు జడ పైనుంచి ఇవతలికి వేస్తుంది. మనిషి కనపడేది ఆ తర్వాతే. తెర ఒక వైపు దిగిపోతే అంతా పోయినట్టే. సంఘంలో ప్రతిసారీ మనుషులు చాలక అక్కే ఒక కొస పట్టుకునేది. అందరికీ ఈ వేషం నేర్పింది కానీ, తను కట్టగా నేను చూడలేదు. ఒక కొస నేను పడతాను. రెండో కొసకి దాదాపు నా ఎత్తున్నవాళ్ళు కావాలి, రిహార్సల్‌కి కూడా రావాలి.

కార్యదర్శి:
రెండో కొస నాకు రాసుకో. దీపం సంగతి తేల్చాను: హాల్లో మంట వెలిగించనివ్వరు, బ్యాటరీ దీపమే. కార్పెట్‌కి ఇంకా ఇద్దరే వచ్చారు.