ఐసీయూ నుంచి ఇంటికొచ్చిన నాన్నకు రాత్రుళ్లు నిద్ర లేదు, ఏం చేయాలి?

వెన్నెల: నాన్నగారిని డిశ్చార్జ్ చేశారు. అంతా బాగుంది, తీసుకెళ్లమన్నారు. ఏం బాగుందో అర్థం కావట్లేదు. రాత్రంతా మేలుకొని ఎవరో తనను కట్టేశారని, గోడ మీద ఎవరో తిరుగుతున్నారని అంటారు. పగలంతా నిద్ర. రెండు ముద్దలకే చాలంటారు. నిలబడితే కాళ్లు వణుకుతున్నాయి. తెల్లవార్లూ నెట్‌లో వెతికాను, చదివేకొద్దీ టెన్షన్ తప్ప ఏమీ తేలలేదు. అమ్మ ఒకటే ఏడుపు. తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

బాటసారి: వెంటిలేటర్ పెట్టారా? ఎన్నాళ్లు? ఏ మందులు వాడుతున్నారు? ఇవి చెప్పకపోతే ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఫిజియో అన్న: కాళ్ల వణుకును తేలిగ్గా తీసుకోకండి. ఐసీయూలో కండ కరిగే వేగం మామూలుగా ఉండదు. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో పది రోజుల్లోనే తొడ ముందు కండరం దాదాపు 18 శాతం తగ్గింది. ఒక్కసారిగా లేపి నిలబెట్టకండి, బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ముందు మంచం అంచున కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించి, కాసేపు ఆగండి. చంకల కింద చేతులు పెట్టి లాగొద్దు, భుజాలు దెబ్బతింటాయి. చేతులున్న కుర్చీలోంచి లేచి కూర్చోవడమే ఇప్పుడు ఆయనకు వ్యాయామం.

వెన్నెల: అన్నా, నడక సంగతి తర్వాత. ముందు రాత్రి గడిచే దారి చెప్పండి.

మేధ: ఇది డెలిరియం, అంటే జబ్బు వల్ల ఉన్నట్టుండి వచ్చే అయోమయం.

నీలిమేఘం: ఇంటికొచ్చాక కూడా ఉంటే పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్ అంటారు. 2010లో అమెరికాలో క్రిటికల్ కేర్ వైద్యుల సంఘం పెట్టిన సమావేశంలో ఖాయం చేసిన పేరు అది. ఐసీయూ తర్వాత శరీరం, జ్ఞాపకశక్తి, మనసు మూడింటికీ మిగిలే ఇబ్బందులు దాని కిందికే వస్తాయి. ఇంట్లోవాళ్లు పడే ఆందోళనను కూడా అందులో చేర్చారు. మీ అమ్మగారిని కూడా చూసుకోండి.

మేధ: గోడ మీద మనుషులు కనిపించడం డెలిరియమే. రెండూ ఒకటి కాదు.

నర్సక్క: పేరు డాక్టరుగారు తేలుస్తారు. పగలు మెలకువగా ఉన్నప్పుడు మిమ్మల్ని గుర్తుపడుతున్నారా, ఎక్కడున్నారో తెలుస్తోందా? పగలు కూడా అయోమయంగా ఉన్నా, ఉన్నట్టుండి ఎక్కువైనా ఆ రోజే చూపించాలి. ఇన్ఫెక్షన్ వల్ల, మూత్రం ఆగిపోవడం వల్ల, మందుల వల్ల కూడా ఇలా అవుతుంది. ఇక కట్టేశారన్న మాట. గొట్టాలు పీకేసుకోకుండా కొన్నిచోట్ల చేతులు కడతారు, అది నిజంగా జరిగినదే కావచ్చు. అబద్ధమని వాదించకండి. 'ఇంట్లోనే ఉన్నావు నాన్నా, నేను పక్కనే ఉన్నాను' అనండి, చాలు. రాత్రి చిన్న లైటు, ఎదురుగా గడియారం ఉంచండి. పొద్దున్నే కిటికీలు తెరవండి. కళ్లజోడు ఉంటే పెట్టండి.

వెన్నెల: కళ్లజోడు ఆసుపత్రి సంచిలోనే ఉండిపోయింది అక్కా, ఎవరికీ గుర్తే రాలేదు. మనుషుల్ని గుర్తుపడుతున్నారు. వెంటిలేటర్ మీద వారం పైనే ఉన్నారు. నీళ్లు తాగితే దగ్గు కూడా వస్తోంది, గొంతు ఎండిపోయి అనుకున్నాం.

నర్సక్క: అది ముందు చూపించండి! వెంటిలేటర్ కోసం గొంతులో గొట్టం పెట్టి తీసేసినవాళ్లకు మింగడం కుదురుకోవడానికి టైం పడుతుంది. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. ఈరోజే డాక్టరుకు ఫోన్ చేసి మింగే పరీక్ష అడగండి. అప్పటిదాకా ఏం పెట్టొచ్చో, ఎలా పెట్టాలో కూడా వాళ్లనే అడగండి. పడుకోబెట్టి మాత్రం ఏదీ తాగించొద్దు. తిన్నాక అరగంట నిటారుగానే కూర్చోబెట్టండి. జ్వరమో ఆయాసమో వస్తే నేరుగా ఎమర్జెన్సీకే. నిద్ర కోసం మొదలుపెట్టిన మాత్ర ఉంటే ఎప్పటిదాకా వాడాలో కనుక్కోండి. మీ అంతట మీరు ఆపకండి.

బాటసారి: మొదట అడిగింది ఇందుకే.

నీలిమేఘం: ఆసుపత్రిలో ఏ రోజు ఏం జరిగిందో మీకు గుర్తున్నంత వరకు రాసిపెట్టండి. ఆయన అడిగినప్పుడు చదివి వినిపించవచ్చు. కొన్ని దేశాల్లో ఐసీయూలోనే నర్సులు, ఇంట్లోవాళ్లు కలిసి అలాంటి డైరీ రాస్తారు.

మేధ: అది అందరికీ పనిచేస్తుందని రుజువు లేదు.

వెన్నెల: డాక్టరుగారు రేపు తీసుకురమ్మన్నారు. థాంక్స్ అండీ.

ఫిజియో అన్న: కుర్చీ ఎత్తు ఎంతుందో చెప్పండి. మోకాళ్ల కంటే కిందికి ఉంటే లేవలేరు.